పొగ దగ్గర నాతో నిలబడినవాళ్లకి

గురువారం సాయంత్రం, అమెరికాలో నవంబర్‌లో చేసుకునే థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి మా ఇంట్లో 15 మందిమి కూర్చున్నాం. అందులో 11 మంది ఇక్కడి యూటీ డాలస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు. మిగతా నలుగురం నేను, డ్యూటీ నుంచి చివర్లో వచ్చి కలిసిన మా ఆయన, ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మా నాన్నా. మధ్యలో పెద్ద పళ్లెంలో 14 పౌండ్ల టర్కీ కోడి, పెకాన్ అనే గింజల చెట్టు కట్టె పొగలో మగ్గి రాగి రంగుకి తిరిగి ఉంది. ఆ ఫొటో చూసి చాలామంది నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు ఎవరెవరికి చెందాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఎమ్మెస్‌కి వచ్చిన మొదటి ఏడాది ఈ పండగ రోజున కొట్లన్నీ మూసేశారు, కాలేజీ ఖాళీ అయిపోయింది. రూములో ఒక్కదాన్నే ఉన్నానని తెలిసి, ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒక కుటుంబం కారు వేసుకుని వచ్చి భోజనానికి తీసుకెళ్లింది. నాకో ఇల్లంటూ ఉంటే నేనూ అలా పిలవాలని అప్పటినుంచీ మనసులో ఉంది. అందుకే ఈ ఒక్క పూట భోజనం నాకు అంత ముఖ్యమైంది.

మొదటి కృతజ్ఞత నేనెప్పుడూ చూడని ఒకావిడకి. సోమవారం రాత్రే కోడిని ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. నాలుగైదు పౌండ్లకి ఒక రోజు చొప్పున పడుతుందని లెక్క వేసుకోలేదు. బుధవారం సాయంత్రం చెయ్యి పెట్టి చూస్తే లోపల ఇంకా మంచుగడ్డ. టెన్షన్‌తో ఏం చెయ్యాలో తోచలేదు. టర్కీలు అమ్మే బటర్‌బాల్ కంపెనీవాళ్లు 1981 నుంచి పండగ రోజుల్లో టర్కీ వండేవాళ్ల కోసం ఫోన్ లైన్ ఒకటి నడుపుతున్నారు. దానికి చేశాను. ఫోన్ ఎత్తినావిడ నా కంగారంతా విని, ఏ మాత్రం తొందరపెట్టకుండా చెప్పారు. కవరు విప్పకుండానే రొమ్ము వైపు కిందికి పెట్టి చన్నీళ్లలో ముంచాలి, ప్రతి అరగంటకీ నీళ్లు మార్చాలి. వేడినీళ్లు మాత్రం పొయ్యకూడదు, లోపల గడ్డ కరిగేలోపే పై మాంసం వెచ్చబడి పాడవుతుంది. ఇంకో మాట కూడా అడిగారు: ఉప్పునీళ్లు ముందే ఎక్కించిన కోడేమో కవరు మీద చూశావా అని. చూస్తే అలాగే రాసి ఉంది. ఆవిడ అడగకపోతే నేను బకెట్ నిండా ఉప్పునీళ్లు కలిపి రాత్రంతా నానబెట్టేదాన్ని, ఎవ్వరూ నోట పెట్టలేకపోయేవాళ్లు.

అర్ధరాత్రి దాటేదాకా నాన్నా నేనూ వంతులవారీగా నీళ్లు మార్చాం. తర్వాత తడి లేకుండా తుడిచి, కొద్దిగా ఉప్పూ మిరియాల పొడీ రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచాను. స్కిన్ బాగా ఆరాలి. తడిగా ఉంటే పొగలో రబ్బరులా సాగుతుంది.

ఇక పక్కింటి పెద్దాయన. గురువారం పదకొండింటికి వెనక పెరట్లో గ్రిల్ వెలిగించి, బొగ్గుల మీద మెస్కీట్ అనే చెట్టు చెక్కలు చాలా వేశాను. పొగంటే ఎంత ఉంటే అంత రుచి అనుకున్నాను. తెల్లగా, చిక్కగా లేచి కళ్లు మండిపోయాయి. కంచె అవతలనుంచి అది చూసి ఆయన వచ్చారు. అప్పటికే బూట్లు వేసుకుని కూతురింటికి బయల్దేరుతున్న మనిషి. నా చేతిలో పని లాక్కోలేదు. నన్ను పక్కన నిలబెట్టి పొగని చూడమన్నారు. తెల్లపొగ అంటే కట్టె సరిగ్గా మండటం లేదని, అది మాంసానికి చేదు పట్టిస్తుందని చెప్పారు. సన్నగా, నీలంగా, ఉందా లేదా అన్నట్టు కనిపించేదే మంచి పొగ అట. మూత మీద గాలి రంధ్రం పూర్తిగా తెరిచి, కిందది కొద్దికొద్దిగా తిప్పుతూ మంట అదుపులోకి వచ్చేదాకా నా చేతే చేయించారు.

మెస్కీట్ ఇక్కడ టెక్సస్‌లో స్టీక్‌లాంటి తొందరగా అయ్యే వాటికి బాగుంటుందట, గంటల తరబడి పెడితే ఘాటెక్కువ. అందుకని తన పెరట్లో పోయినేడు విరిగి పడ్డ పెకాన్ కొమ్మ ముక్కలు ఒక సంచిలో తెచ్చారు. నాన్న నా మెస్కీట్ చెక్కని వాసన చూసి, అది వచ్చిన సంచి మీది చెట్టు బొమ్మ చూసి, "ఇది మన సర్కారు తుమ్మ కదే!" అన్నారు. నిజమే, రెండూ దగ్గరి చుట్టాల్లాంటి చెట్లే. మా ఒంగోలు వైపు సర్కారు తుమ్మ కాల్చి బొగ్గు చేస్తారు. ఆ పని చిన్నప్పటినుంచీ చూసిన మనిషి కాబట్టి నిప్పు సంగతి నాన్నకి బాగా తెలుసు. పెద్దాయనకి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. అయినా ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటూ బొగ్గులన్నీ ఒక పక్కకి పేర్చారు, రెండో పక్క ఖాళీగా ఉంచి అక్కడ నీళ్ల ట్రే పెట్టారు.

కోడిని అలాగే పెడితే భోజనం వేళకి కాదని పెద్దాయనకి చూడగానే తెలిసిపోయింది. వంటింటి కత్తెర అడిగి, వెన్నెముక రెండు వైపులా కత్తిరించి తీసేసి, తిప్పి రొమ్ము మీద రెండు చేతులతో గట్టిగా నొక్కితే టక్కుమని చదునుగా పరుచుకుంది. ఈలోగా అమ్మ ఆరు వంకాయలు నిప్పుల మీద కాల్చుకుంది, నలుగురు పిల్లలు మాంసం తినరు. కోడి ఎక్కకముందే ఆ పని అయిపోయింది. తర్వాత లెగ్ పీసులు నిప్పు వైపు, రొమ్ము అవతలికి ఉండేలా పెట్టాం. తొడ మాంసానికి ఎక్కువ వేడి కావాలి, రొమ్ము తొందరగా ఎండిపోతుంది. కోడి గ్రిల్ మీదికెక్కి వేడి 275 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలబడేదాకా పెద్దాయన కదల్లేదు. కూతురికి ఫోన్ చేసి ఆలస్యం అవుతుందని చెప్పడం నేను విన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

రెండు వీధుల అవతల ఉండే అక్కకి. గ్రిల్ మూత మీది మీటర్ పైన ఉన్న వేడినే చూపిస్తుంది, జాలీ దగ్గర ఎంతుందో దానికి తెలియదు. నేను ఫోన్లో అడిగిన పది నిమిషాల్లో అక్క తన వంట మధ్యలో వదిలేసి, రెండు తీగలున్న థర్మామీటర్ తెచ్చి ఇచ్చింది. ఎముకకి తగలకుండా రొమ్ములో ఒకటి, తొడలో ఒకటి గుచ్చింది. చివరి అరగంట గాలి పూర్తిగా తెరిచి మంట పెంచితే స్కిన్ కరకరలాడింది. రొమ్ము 165 దాటింది, తొడ 175కి వచ్చింది. అప్పుడు దించి అరగంట కదపకుండా వదిలేశాం. అన్నీ కలిపి మూడు గంటలు పట్టింది.

కోసేటప్పుడు స్కిన్ కింద మాంసం గులాబీ రంగులో కనిపించి అమ్మ భయపడింది. పచ్చిగా ఉంది, పరాయి పిల్లలకి పెట్టొద్దు అంది. అక్కే మళ్లీ వీడియో కాల్‌లో అమ్మకి ఓపిగ్గా చెప్పింది: పొగలోని వాయువులు మాంసంలోని ఎరుపుని అలా పట్టి ఉంచుతాయి, ఉడికిందో లేదో రంగుని బట్టి కాదు, థర్మామీటర్‌ని బట్టి చూడాలి అని. అంకె కళ్లారా చూశాకే అమ్మ ముందుగా తను ఒక ముక్క తిని, తర్వాత పిల్లలకి వడ్డించింది.

టర్కీతో తినే పుల్లటి క్రాన్‌బెర్రీ పళ్ల సాస్ పక్కనే అమ్మ గోంగూర పచ్చడి పెట్టింది. పొగ మాంసానికి పులుపు ఎంత బాగా కలుస్తుందో తింటేనే తెలుస్తుంది. ముందు ఖాళీ అయింది గోంగూరే. పిల్లలూ, మీకూ థాంక్స్. వంట అయ్యాక గిన్నెలన్నీ కడిగి, గ్రిల్ బూడిద ఎత్తి, అమ్మని ఒక్క పనీ ముట్టుకోనివ్వలేదు. రాత్రి ఏడింటికి డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయనకి ఒక లెగ్ పీస్ దాచింది కూడా మీరే. మిగిలిన ఎముకలు ఉడికించి ఆ నీళ్లతో శుక్రవారం పులావ్ చేశాను, రెండు డబ్బాలు మీకోసం ఫ్రిజ్‌లో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి.

అక్కా, థర్మామీటర్ ఆదివారం తెచ్చి ఇస్తాను, గోంగూర సీసాతో పాటు. పక్కింటి పెద్దాయన ఇది చదవలేరు కాబట్టి రేపు సాయంత్రం నాన్నా నేనూ వెళ్లి, ఆయన గురించి రాసిందంతా ఇంగ్లిష్‌లో చెప్పి వస్తాం.