2025 వార్షిక నివేదిక: పండుగలు కొంచెం, పౌర వ్యవహారాల కమిటీ ఎక్కువ

అమెరికాలోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూశారు కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. ఒక్క తప్పు మాత్రం ఒప్పుకోవాలి. ఉగాదికి ఎన్ని కుటుంబాలు వస్తున్నాయో అడిగాం గానీ, ఎంతమంది వస్తున్నారో అడగలేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తామామలు లెక్కలోకి రాలేదు. పన్నెండున్నరకే పులిహోర అయిపోయింది.

సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో మహబూబ్‌నగర్ యువకుడొకరు పోలీసు కాల్పుల్లో చనిపోయారని తెలిసినప్పుడు మన వాట్సాప్ గ్రూపు రెండు రోజులు నిద్రపోలేదు. విచారణ ఎవరు చేస్తారు, అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కి రాద్దామా అని చాలామంది అడిగారు. అక్కడ కాల్చింది నగర పోలీసులు. అలాంటి కేసు ఆ నగరం, కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ (అంటే జిల్లా ప్రాసిక్యూటర్) చూసుకుంటారు. ఎఫ్‌బీఐ, ఐస్ (ఇమిగ్రేషన్ చట్టాలు అమలు చేసేది), బోర్డర్ పెట్రోల్ లాంటి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీల సంగతి వేరు, వాటిని నిలదీయాల్సింది కాంగ్రెస్. నిజం చెప్పాలంటే ఈ తేడా అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు. అందుకే మన పౌర వ్యవహారాల కమిటీ తరఫున లైబ్రరీ గదిలో మూడు ఆదివారాలు కూర్చున్నాం.

మొదటి ఆదివారం పాత కేసులు. 1992 ఆగస్టులో ఐడహోలోని రూబీ రిడ్జ్‌లో పసిబిడ్డను ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఒక తల్లి ఎఫ్‌బీఐ స్నైపర్ తూటాకు చనిపోయింది. ఆ ఆపరేషన్‌కు విడిగా కాల్పుల నియమాలు రాసుకున్నారు. ఇంటి బయట ఆయుధంతో పెద్ద మగవాడు కనబడితే కాల్చవచ్చు, కాల్చాలి కూడా అని అందులో ఉంది. 1995లో సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ అధ్యక్షతన, కాంగ్రెస్ ఎగువసభ అయిన సెనేట్ సబ్‌కమిటీ అధికారులను పిలిపించి, ఆ "కాల్చాలి" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందని బహిరంగంగా అడిగింది. అదే అక్టోబరులో న్యాయశాఖ తన ఏజెన్సీలన్నిటికీ ఒకే నియమం తెచ్చింది: ప్రాణాపాయం గానీ తీవ్ర గాయం గానీ తప్పదన్నప్పుడే ప్రాణాంతక బలం వాడాలి. మూడేళ్లు పట్టింది. ఆలస్యమే, కానీ కదిలింది.

రెండో ఆదివారం నేమ్ బ్యాడ్జీల గురించి. 2020లో వాషింగ్టన్ నిరసనల్లో ఏ ఏజెన్సీయో తెలియని యూనిఫాంలు కనిపించాయి. దాంతో కాంగ్రెస్ రక్షణ బిల్లులో ఒక సెక్షన్ పెట్టింది. అల్లర్ల అదుపుకు వెళ్లే ఫెడరల్ సిబ్బంది తమ పేరో నంబరో, దాంతోపాటు ఏజెన్సీ పేరూ కనబడేలా పెట్టుకోవాలి. అధ్యక్షుడు వీటో చేస్తే దాన్ని తోసిరాజని 2021 జనవరి 1న చట్టం చేశారు. అయితే ఇది అల్లర్ల సందర్భానికే. ఇమిగ్రేషన్ సిబ్బంది గుర్తింపు, ముఖానికి మాస్కుల గురించి ఈ ఏడాది సెనేట్‌లో పెట్టిన బిల్లు ఇంకా చట్టం కాలేదు.

మూడో ఆదివారానికి ఎక్కువ మంది వచ్చారు, సమోసాల వాసన వల్లనే కావచ్చు. కాంగ్రెస్ తరఫున ఆడిట్ చేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్, అంటే మన కాగ్ లాంటిది, 2023లో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉన్న ఏజెన్సీల (ఐస్, బోర్డర్ పెట్రోల్ లాంటివి) లెక్కలు చూసింది. బలం వాడిన సందర్భాలు ఉన్నవాటి కంటే తక్కువగా లెక్కకు వస్తున్నాయని తేల్చింది. కారణం వింతగా ఉంది. ఒకే చోట పలుమార్లు బలం వాడినా, కొన్నిసార్లు దాన్ని ఒక్క ఘటనగా పంపించారు. మన ట్రెజరర్ గారు బోర్డు మీద ఐదు గీతలు గీసి, చుట్టూ ఒక సున్నా చుట్టి, పక్కన "1" అని రాశారు. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ, "ఉగాదికి మీరు చేసింది కూడా ఇదే కదా బాబూ, ఇల్లు లెక్కపెట్టారు, నోళ్లు లెక్కపెట్టలేదు" అన్నారు. గదంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా సున్నా చెరిపేశారు.

ఆ లెక్క గురించే కాంగ్రెస్‌లోని మన ప్రజాప్రతినిధికి ఉత్తరం రాద్దామని అనుకున్నాం. ఇది రాజకీయం కాదా, మన పన్ను మినహాయింపు పోదా అని టెన్షన్ పడ్డవారు ఉన్నారు. సీపీఏ (లైసెన్సు ఉన్న అకౌంటెంట్) అయిన సభ్యుడొకరు వివరించారు: మనలాంటి సంఘం అభ్యర్థులకు ప్రచారం చేయకూడదు. ప్రజాప్రతినిధిని ఒక సమాచారం అడగడం అది కాదు. అయినా ఇద్దరు సంతకం పెట్టలేదు. ఒకరి గ్రీన్ కార్డు ఇంకా పెండింగులో ఉంది. వారిని ఎవరూ ఒత్తిడి చేయలేదు, చేయకూడదు కూడా.

ఉత్తరంలో ఒక్కటే అడిగాం: ఆడిట్ చెప్పిన తర్వాత లెక్కపెట్టే పద్ధతి మారిందా? మూడు వారాలకు జవాబు వచ్చింది. "మీ అభిప్రాయం పంపినందుకు ధన్యవాదాలు" అని ఉంది, మా ప్రశ్న ఊసే లేదు. ఫిబ్రవరిలో మళ్లీ రాస్తాం, ఈసారి ఆడిట్ నివేదికలోని ఆ పేజీ జతచేసి. సంతకం పెట్టదలచినవారు ఉత్తరం మొత్తం చదివాకే పెట్టండి.

ఖర్చు: గది ఉచితం. సమోసాల రసీదు ట్రెజరర్ గారు ఇంతవరకూ ఇవ్వలేదు. వచ్చే ఉగాది ఫారంలో "ఎంతమంది" అన్న గడి చేర్చాం.