మగాళ్లకీ వస్తుందిరా థైరాయిడ్!

శ్రీకాకుళం,
ఆదివారం సాయంత్రం.

ఒరేయ్,

నీ రిపోర్టు ఫోటో చూశాను. టీఎస్‌హెచ్, అదే థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోను, పదకొండు. దాని కింద "ఇది ఆడాళ్ల జబ్బు కదరా, నాకెందుకొచ్చింది" అని నువ్వు పెట్టిన మెసేజీకి నవ్వాగలేదు. ఆడవాళ్లలో ఎక్కువే, నిజం. కానీ ఆ గ్రంథి మన గొంతులోనూ ఉందిగా, అది ఎప్పుడైనా నీరసపడచ్చు. నా సంగతి బయటపడ్డప్పుడు మా స్టాఫ్‌రూములోనూ ఇదే వరస. సోషల్ మాస్టారు నన్ను పరామర్శించినంత పని చేశాడు. ఇద్దరు మేడములు మాత్రం "రండి మాస్టారూ, మా సంఘంలో చేరండి" అని మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏ రిపోర్టులో ఏం చూడాలో కూర్చోబెట్టి చెప్పారు. వాళ్లు ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు.

ఫోనులో అయితే మధ్యలో అడ్డం వస్తావు, అందుకే ఉత్తరం. సోమవారం నుంచి పదహారు గంటల ఉపవాసం మొదలెడతానన్నావు. వద్దనను. నేనూ చేస్తున్నాను, దాదాపు తొమ్మిది కిలోలు తగ్గాను, ఏడాది పైనే పట్టింది. కాకపోతే ముందు మాత్ర, తర్వాత ఉపవాసం. ఈ వరస తిరగెయ్యకు. టీఎస్‌హెచ్ పదకొండు మీదుండగా పొద్దున్నే తినకుండా ఆఫీసుకెళ్తే మధ్యాహ్నానికి బల్ల మీద తల పెట్టుకుంటావు. అప్పుడు నీరసం థైరాయిడ్‌దో, ఆకలిదో నీకే తెలీదు. నేను మాత్ర మోతాదు కుదిరి, రిపోర్టు దారికొచ్చాకే మొదలుపెట్టాను.

ఇంకొకటి. నీ బొజ్జ మొత్తాన్ని థైరాయిడ్ ఖాతాలో రాయకు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ వాళ్లు చెప్పేదాని ప్రకారం, ఈ జబ్బు వల్ల పెరిగే బరువు మామూలుగా ఐదు నుంచి పది పౌండ్లు. అంటే మన లెక్కలో రెండు కిలోల నుంచి నాలుగున్నర కిలోల దాకా. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ, నీరూనే. మాత్ర మొదలుపెట్టాక నాకు ముందు మొహం ఉబ్బు తగ్గింది, ఉంగరం వదులైంది, ఆ తర్వాత కాటా ముల్లు అక్కడే ఆగిపోయింది. మనం ఉండాల్సిన దానికన్నా ఇరవై కిలోలు ఎక్కువున్నాం. నాలుగున్నర తీసేస్తే మిగతా పదిహేనున్నర ఎవరిది? నరసన్నపేట బస్టాండు పుణుగులది, రాత్రి టీవీ ముందు పళ్లెం నిండా పెట్టుకునే మిక్చరుది. లెక్కల మాస్టారిని, తప్పుడు పద్దు రాయలేను.

మాత్ర సంగతి చెప్తా, ఇది శ్రద్ధగా చదువు. లెవోథైరాక్సిన్, థైరోనార్మ్ అనో ఎల్‌ట్రాక్సిన్ అనో రాసుంటారు. లేవగానే ఖాళీ కడుపుతో, ఉత్త నీళ్లతో. కాఫీకి కనీసం అరగంట, గంటైతే ఇంకా మంచిది. ఆ విషయంలో నువ్వు మొండివాడివని నాకు తెలుసు. కానీ కాఫీ తోడైతే మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు, డబ్బు పెట్టి కొని కాలవలో పోసినట్టే. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఉంటే నాలుగు గంటల ఎడం ఉండాలి. రోజూ ఒకే వేళకి వేసుకో. రక్తంలో సగానికి తగ్గడానికే దానికి వారం పడుతుంది, కాబట్టి వేసిన నాలుగో రోజుకే "ఏం తేడా లేదురా" అని నాకు ఫోన్ చెయ్యకు. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ రక్తం ఇవ్వాలి. జుట్టు ఒత్తుగా రావడానికని బయోటిన్ బిళ్లలు ఏమైనా మింగుతుంటే పరీక్షకి ముందు డాక్టరుకి చెప్పు, అవి ఈ రిపోర్టుల అంకెల్ని తారుమారు చేస్తాయి.

ఉపవాసం ఇక్కడ బాగా కలిసొస్తుంది. మామూలుగా మాత్ర వేసుకుని గంటసేపు టిఫిన్ కోసం గోడ గడియారం చూసే బాధ మనకి ఉండదు. ఎలాగూ తినేది తర్వాతే కదా. నేను అయిదున్నరకి మాత్ర వేసుకుని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి నడకకి పోతాను, వచ్చి పాలూ పంచదారా లేని కాఫీ తాగుతాను. మొదట్లో మందు మింగినట్టుండేది. ఇప్పుడు అలవాటైంది. బాగుందని మాత్రం అబద్ధం చెప్పను.

ఇక మన ఊళ్లో నాకు జరిగింది విను. మీ హైదరాబాదులో క్రియాటినిన్ అంటే, అదే కిడ్నీలు సరిగ్గా వడకడుతున్నాయో లేదో చెప్పే అంకె, ఎవరికీ పట్టదు. ఇక్కడ పదో తరగతి గుంటడిని అడిగినా చెప్తాడు. కవిటి, సోంపేట వైపు ఉద్దానంలో జనానికి కిడ్నీలు పాడయ్యే సంగతి నీకు తెలుసు కదా. మీ చెల్లెలిది, అంటే మా ఆవిడది, సోంపేట వైపే, వాళ్ల చిన్నాన్న డయాలసిస్ మీద పోయాడు. అలాంటి ఇంట్లో నా మొదటి రిపోర్టులో టీఎస్‌హెచ్‌తో పాటు క్రియాటినిన్ కూడా కాస్త ఎక్కువ వచ్చింది. ఇంక చూస్కో. నా పెళ్లాం టీఎస్‌హెచ్ వైపు కన్నెత్తి చూడలేదు. రెండో అంకె మీదే వేలు పెట్టి ఏడుపు. మా అత్తగారు ఫోన్ చేసి "ఏటి బాబూ, మీరు కవిటి కూడా ఎప్పుడూ పోనేదు కదా, ఇదేటి" అన్నారు. నాకూ లోపల వణుకే.

డాక్టరు చాలా మామూలుగా చెప్పాడు. థైరాయిడ్ మందగించినప్పుడు కిడ్నీలకి వెళ్లే రక్తం, అవి వడకట్టే వేగం కూడా తగ్గుతాయట. అందుకని క్రియాటినిన్ కాస్త పెరగచ్చు, మాత్రతో చాలామందికి మళ్లీ దిగుతుంది, చూద్దాం అన్నాడు. నాకు నిజంగానే దిగింది. అలాగని అందరిదీ ఇదే అనుకోకూడదు, మళ్లీ పరీక్ష చేయించుకునే తేల్చుకోవాలి. కొలెస్ట్రాల్ కూడా అంతే, థైరాయిడ్ తక్కువగా ఉంటే చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. నీ రిపోర్టులో అదీ ఎర్రగానే ఉంది, గమనించావా?

ఆ దెబ్బతో మా ఇంట్లో ఒక చట్టం వచ్చింది. ఉపవాసం చేస్తే చెయ్యి, నీళ్లు మాత్రం మానకూడదు. వీడియోల్లో కొందరు మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం గొప్పదంటారు. మన ఎండలకి, మన ఉక్కకి ఆ మాట విన్నవాడు బాగుపడడు. తలనొప్పి వచ్చిందని ఖాళీ కడుపున నొప్పి బిళ్లలు మింగడం ఇంకా ఘోరం, అటు పొట్టకీ చేటు, ఇటు కిడ్నీకీ చేటు. మొదటి వారాల్లో తలనొప్పి వస్తుంది. నీళ్లు తాగి ఓర్చుకో, లేకపోతే తినేసెయ్. కొంపలేం మునగవు.

పదహారు గంటలే ఉండాలని ఎవరూ శాసనం చెక్కలేదు. నాకు పదిహేను కుదిరింది. రాత్రి ఏడున్నరకల్లా భోజనం ముగించి, పొద్దున్న స్కూల్లో ఇంటర్వెల్ గంట కొట్టాక రెండు ఉడికిన గుడ్లు, ఒక పండు. మధ్యాహ్నం క్యారేజీ. సాయంత్రం ఏ ఉలవ గుగ్గిళ్లో. రాత్రి చోడి (రాగి) రొట్టో, కాసింత అన్నమో, కూర ఎక్కువగా. కళింగపట్నం నుంచి చేపలొచ్చిన రోజు పులుసు. నెత్తళ్లు దొరికితే మీ చెల్లెలు వేపుడు బదులు చింతకాయ వేసి వండుతోంది, నూనె మిగిలింది, రుచీ పోలేదు. బరువు తగ్గేటప్పుడు మాంసకృత్తులు తక్కువైతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మనకి ముందే ఒళ్లు నొప్పులు, అందుకే గుడ్డూ చేపా పప్పూ వదలను.

పుణుగులు సాయంత్రం అయిదుకి కదా, అవి తినే వేళలోనే పడతాయి. ఉపవాసం వాటిని ఆపలేదు. వాటితో విడిగా ఒప్పందం కుదుర్చుకోవాల్సి వచ్చింది: శనివారం మాత్రమే.

అసలు ఇందులో మంత్రం ఏదీ లేదురా. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో చేసిన ఒక పరిశోధన న్యూ ఇంగ్లాండ్ వైద్య పత్రికలో వచ్చింది. 139 మంది ఊబకాయులు, ఏడాది పాటు. అందరికీ తిండి తగ్గించారు. సగం మందిని పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపే తినమన్నారు, మిగతావాళ్లకి వేళల గొడవ లేదు. వేళ పాటించినవాళ్లు సగటున 8 కిలోలు, పాటించనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా గణాంకాల పరంగా లెక్కకి వచ్చేది కాదని తేల్చారు. అంటే తగ్గించేది గడియారం కాదు, పళ్లెం. మరి నేనెందుకు గడియారం పట్టుకున్నానంటే, "కాస్త తక్కువ తిను" అంటే నాకు చేతకాదు, "ఏడున్నర తర్వాత వంటింట్లోకి పోకు" అంటే చేతనవుతుంది. కేలరీలు రాసుకోవడం నీకు బాగా వస్తే నువ్వు అదే చెయ్యి, నష్టం లేదు.

ఆ వీడియోల్లో "ఆటోఫజీ (కణాలు తమలోని చెత్తని తామే కరిగించుకోవడం), నోబెల్ బహుమతి" అని ఊదరగొడతారు చూడు, ఆ బహుమతి 2016లో జపాన్‌కి చెందిన ఒసుమికి వచ్చింది, నిజమే. ఆయన పని చేసింది ఈస్టు కణాల మీద. నీ పొట్ట మీద కాదు.

రెండు మూడు రోజుల నీళ్ల ఉపవాసాల జోలికి మాత్రం వెళ్లకు. తిండి పూర్తిగా ఆగితే ఒళ్లు పొదుపులోకి దిగి, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ని పనికొచ్చే టీ3గా మార్చడం తగ్గించేస్తుంది. థైరాయిడ్ బాగున్నవాళ్లకే అలా జరుగుతుంది, మనకెందుకు ఆ సరదా? మా అమ్మ కార్తీక సోమవారాలు నక్షత్రం చూసేదాకా ఉండేది, గుర్తుందా? ఆ తర్వాత ఆవిడ వడ్డించే పులిహోరా గారెలూ లెక్కవేస్తే ఆ రోజు మనం మామూలు కన్నా రెట్టింపు తినేవాళ్లం.

మలబద్ధకం గురించి నువ్వు సిగ్గుపడి రాయలేదు కానీ ఉంటుంది, ఈ జబ్బు లక్షణమే అది. తిండి తగ్గితే ఇంకా ఎక్కువవుతుంది. ఆకుకూర, నీళ్లు, నడక. క్యాబేజీ తినకూడదని ఎవరో బెదిరించారట నిన్ను. వండుకుని మామూలుగా తినేదానికి భయం అక్కర్లేదు.

మీ ఆవిడ, మా చెల్లెమ్మ కూడా నీతోపాటు ఉపవాసం చేస్తానంటోందని రాశావు. ఆమెకి షుగర్ మాత్రలున్నాయి కదా, గ్లిమిపిరైడ్ ఉంటే డాక్టర్ని అడక్కుండా ఒక్క పూట తిండి కూడా మాన్పించకు. షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఇందులో నా మాట కాదు, ఆ డాక్టరు మాటే.

త్వరగా తగ్గాలని మాత్ర నీ అంతట నువ్వు పెంచుకోవడం మాత్రం వద్దు. మా కాలనీలో ఒకాయన అలా చేసి గుండెదడతో రాత్రంతా కూర్చున్నాడు. ఎక్కువైన మోతాదు గుండె లయ తప్పిస్తుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. బరువు బాగా తగ్గాక మోతాదు తగ్గించాల్సి రావచ్చు కూడా, అందుకే అప్పుడప్పుడూ పరీక్ష.

మా అత్తగారికి మాత్రం ఇవేవీ ఎక్కలేదు. మొన్న వచ్చి నా మొహం చూసి "ఏటి బాబూ, తిండి మానేసారంట, మా పిల్ల వంట బాగోనేదేటి?" అన్నారు. నాకన్నా మీ చెల్లెలికి కోపమొచ్చింది.

రథసప్తమికి అరసవల్లి వస్తానన్నావు, మాట తప్పకు. రైలు ఆమదాలవలసలో దిగు, బండి మీద నేనొస్తాను. ఈలోగా మాత్ర మొదలెట్టి, ఆరు వారాల తర్వాతి రిపోర్టు ఫోటో పెట్టు. చీకట్లో తీసి పంపకు, ఈసారి అంకెలు కనపడేలా తియ్యి.

నీ
లెక్కల మాస్టారు