గడియారాల గదిలో మనిషి

చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని మరీ చూశాను. నువ్వు చేసిన బొమ్మగది, గడియారాలు బాగుచేసే ఆ చిట్టి గది, ఎంత చక్కగా కుదిరిందో! గోడ మీద ఒక్కో గడియారం ఒక్కో టైం చూపించడం, సొరుగు ఒకటి సరిగ్గా మూతపడకపోవడం, అన్నిటికంటే ఆ బల్ల అంచున రంగు అరిగిపోయిన చోటు. రోజూ మోచేతులు ఆనే చోటది. అక్కడ రంగు గీకాలన్న ఆలోచన వచ్చినందుకు నాకు చాలా గర్వంగా ఉంది.

"కొన్న మనిషి బొమ్మని పెట్టగానే గది చచ్చిపోయినట్టయింది, తీసేశాను, ఇక ఖాళీగానే ఉంచేస్తా" అని రాశావు. ఆ బొమ్మని తీసెయ్యడం మంచిదే. కానీ గదిని ఖాళీగా ఉంచకు చిన్నా. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

ఖాళీ గదులంటే నాకేమీ చిన్నచూపు లేదు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో నార్సిస్సా థోర్న్ చేయించిన చిన్న గదులు 68 ఉన్నాయి. 1932 నుంచి 1940 దాకా, నిజమైన అడుగుకి అంగుళం లెక్కన చేయించింది. ఆవిడ వాటిలో మనుషుల బొమ్మలు పెట్టలేదు. పెట్టకపోవడమే సరి. ఆ గదులు చూపించేది ఒక్కో కాలపు గోడల తీరు, కుర్చీల తీరు, కిటికీలోంచి పడే వెలుతురు. మనిషిని పెడితే మన కళ్లు ముందు ఆ మనిషి దగ్గరకే పోతాయి, గది వెనకబడుతుంది. నీ గది అలాంటిది కాదు. నువ్వు చేసింది ఒక పని జరిగే చోటు. ఆ బల్ల, ఆ దీపం, ఆ పనిముట్లు అన్నీ ఒక మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చినవి. ఆ ఒళ్లు లేకపోతే అవి ఎందుకలా ఉన్నాయో సగమే తెలుస్తుంది.

మరి కొన్న బొమ్మ ఎందుకు కుదరలేదు? నువ్వు ముఖం బాగాలేదనుకుంటున్నావు. నాకైతే ముఖం చాలా తర్వాతి సంగతనిపిస్తోంది. ఆ బొమ్మ గ్రూప్ ఫోటోకి నిలబడ్డట్టు నిలబడి మనవైపే చూస్తోంది. చేతులు రెండూ పక్కకి వేలాడుతున్నాయి. గదిలో దానికి ఏ పనీ లేదు.

ఈజిప్టులో మెకెట్రే అనే అధికారి సమాధిలో దొరికిన చెక్కబొమ్మలు గుర్తు చేసుకో. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటివి. 1920లో హెర్బర్ట్ విన్‌లాక్ బృందానికి దొరికాయి. ఇప్పుడు కొన్ని కైరోలో, కొన్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. ధాన్యపు కొట్టు నమూనాలో కూలీలు గింజలు మోస్తుంటారు, గుమాస్తాలు కూర్చుని లెక్కలు రాస్తుంటారు. చెక్కడం చూస్తే చాలా మోటు. అందరివీ దాదాపు ఒకే ముఖాలు. అయినా చూసినవాడికి ఆ కొట్టులో గోల వినిపిస్తుంది. ఎవరి పనిలో వాళ్లున్నారు కాబట్టి. నేను బొమ్మలు చేసేటప్పుడు ముందుగా నన్ను నేను అడిగే ప్రశ్న ఇదే: ఈ మనిషి ఇప్పుడు ఏం చేస్తున్నాడు? జవాబు రాకపోతే, బొమ్మకి లోపల ఎముకల్లా ఉండే తీగని ముట్టుకోను.

నీ గడియారాల ఆయనకి జవాబు ఎలాగూ ఉంది. నీ గదీ అడుగుకి అంగుళం లెక్కే కాబట్టి, అయిదడుగుల ఆరంగుళాల మనిషి నిలబడితే అయిదున్నర అంగుళాలు. కానీ ఆయన్ని నిలబెట్టొద్దు, కూర్చోబెట్టు. గడియారాలు బాగుచేసేవాళ్ల బల్ల మామూలు రాతబల్ల కంటే ఎత్తుగా ఉంటుంది. మోచేతులు దాని మీద ఆన్చి చేతులు కదలకుండా పనిచేసుకోవడానికి, పని కంటికి దగ్గరగా ఉండడానికి. కాబట్టి నడుము విరిగినట్టు ముందుకి వంచకు. వీపు కొంచెమే వంగుతుంది, తల మాత్రం దిగుతుంది, భుజాలు కాస్త పైకి లేస్తాయి. నువ్వే ఒకసారి ఎత్తయిన బల్ల దగ్గర కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు చేతులు పెట్టి, పక్కనుంచి ఎవరినైనా ఫోటో తియ్యమను. ఆ ఫోటో చూస్తూ తీగ వంచు.

ఇంకో అదృష్టం కూడా ఉంది నీకు. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుంటాడు కదా. ఒక కన్ను దాని వెనక దాక్కుంటుంది. రెండో కన్ను సగం మూసి పెట్టొచ్చు. అంటే నువ్వు ఇంతగా భయపడుతున్న ముఖంలో కష్టమైన భాగం చాలావరకు తప్పిపోయినట్టే. ఆ భూతద్దం నుంచి ఆయన చేతిలో ఉన్న గడియారానికి ఒక దారం కట్టినట్టు ఊహించుకో. ఆ దారం తిన్నగా ఉండాలి. వేలెడంత మనిషి ఎటు చూస్తున్నాడో చూసేవాళ్లు కూడా అటే చూస్తారు. చూపు వెంట్రుకవాసి పక్కకి పోయినా ఆయన పని చేస్తున్నట్టుండదు, ఏదో పరధ్యానంలో ఉన్నట్టుంటుంది.

ఇప్పుడు బరువు సంగతి. దీని గురించి చాలామంది ఆలోచించరు, నాకు మాత్రం అన్నిటికంటే ఇదే ముఖ్యం. పొడవు పన్నెండో వంతుకి తగ్గిస్తే బరువు పన్నెండో వంతు కాదు, 1,728వ వంతవుతుంది. పొడవు, వెడల్పు, మందం మూడూ తగ్గుతాయి కదా. అరవై కిలోల మనిషి ఆ లెక్కన 35 గ్రాములు కూడా ఉండడు. తీగా దూదీ గుడ్డా కలిపి చేసిన బొమ్మ అంత కూడా తూగకపోవచ్చు. బట్ట బిరుసు, దిండు బిరుసు మాత్రం అలాగే ఉంటాయి. అందుకే బొమ్మని దిండు మీద కూర్చోబెడితే దిండు నలగదు, పైన తేలుతున్నట్టుంటుంది. మన కన్ను ఆ అబద్ధాన్ని వెంటనే పట్టేస్తుంది, ఏం తేడా ఉందో చెప్పలేకపోయినా. కాబట్టి దిండులో గుంట నువ్వే చెయ్యాలి. లోపలి దూది మధ్యలో తగ్గించి, పైబట్టని అడుగు నుంచి ఒక కుట్టుతో కిందకి లాగు. తొడలు ఆ గుంటలో సరిపోయేలా కూర్చోబెట్టు. మోచేయి బల్లకి తగిలే చోట చొక్కా కొంచెం నొక్కుకుని ఉండాలి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. కొన్న బొమ్మల్లో ఎప్పుడూ తేలిపోయేవి పాదాలే.

ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే అమెరికన్ ఆవిడ 1940లలో, హత్యలూ అనుమానాస్పద మరణాలూ ఎలా పరిశోధించాలో పోలీసులకి నేర్పడానికి, ఇదే స్కేలులో గదులు చేసింది. వాటిలో పద్దెనిమిది ఇప్పటికీ బాల్టిమోర్‌లో, అనుమానాస్పద మరణాలకి కారణం తేల్చే మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసులో ఉన్నాయి. ఆవిడ గుడ్డ ఒళ్లలో దూదితో పాటు ఎయిర్‌గన్ గుళ్లు కూడా నింపేది, పడి ఉన్న శరీరం నిజంగా బరువుగా కనిపించాలని. గుండుసూదులతో మేజోళ్లు అల్లేది. విషయం దుఃఖకరమైనదే. కానీ ఆ శ్రద్ధ నాకెప్పుడూ గుర్తొస్తుంది. ఆ గదుల్లో శరీరం ఎలా పడి ఉందన్నది కూడా సాక్ష్యమే, తప్పు పెడితే పాఠమే తప్పవుతుంది. నీ ఆయన నడుము కింద కూడా కొంచెం ఇసక కానీ అలాంటి చిన్న గుళ్లు కానీ మూటకట్టి పెట్టు. కుర్చీలో కుదురుగా ఉంటాడు.

ఒళ్లు ఎలా కట్టాలంటావా? పద్దెనిమిదో శతాబ్దంలో ఇటలీలోని నేపుల్స్‌లో బొమ్మలు చేసిన కళాకారుల పద్ధతే ఇప్పటికీ నాకు నచ్చుతుంది. తలలు కాల్చిన మట్టివి, చేతులూ పాదాలూ చెక్కవి, మధ్యలో ఒళ్లంతా తీగ మీద నార చుట్టినది. ఒళ్లు వంగుతుంది కాబట్టి బట్టలు తొడిగాక కూడా భంగిమ సరిదిద్దుకోవచ్చు. నువ్వు తలకీ చేతులకీ పాలిమర్ క్లే వాడు, అంటే ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ మట్టి. ప్యాకెట్ మీద రాసిన వేడికే ఓవెన్‌లో పెట్టు, అంతకు మించనివ్వకు. బట్టా జుట్టూ కాల్చిన తర్వాతే.

చేతులకి మాత్రం టైం ఇవ్వు. పెద్దవాళ్ల అరచెయ్యి, వేళ్లతో సహా, గడ్డం నుంచి నుదుటి పైదాకా వస్తుంది. చిన్న బొమ్మల్లో చేతులు దాదాపు ఎప్పుడూ చిన్నవైపోతాయి. నీ స్కేలులో చెయ్యి పదహారు మిల్లీమీటర్లు, వేలి లావు మిల్లీమీటరున్నర లోపే. అన్ని వేళ్లూ విడదీయకు. బొటనవేలూ చూపుడువేలూ పట్టకారుని పట్టుకుంటాయి, మిగిలిన మూడూ కలిసి బల్లకి ఆనుతాయి. నిజంగా అలాగే పట్టుకుంటారు కూడా.

బట్టల విషయం నాది, వదల్లేను. మామూలు చొక్కా గుడ్డ మందం పావు మిల్లీమీటరనుకో. పన్నెండింతలు చేస్తే మూడు మిల్లీమీటర్లు, అంటే ఆయన కంబళితో చొక్కా కుట్టించుకున్నట్టు. ఉతికి ఉతికి పలచబడ్డ నూలుబట్ట, లేదా పల్చటి పట్టు వాడాలి. గళ్ల చొక్కా అయితే గడి రెండు మిల్లీమీటర్లు దాటకూడదు. అంచులు మడిచి కుట్టకు, లావవుతాయి. పలచటి జిగురు రాసి ఆరాక కత్తిరించు. బొమ్మ బరువుకి దిండు నలగనట్టే, మడతలు కూడా వాటంతట అవి పడవు. జిగురు నీళ్లతో తడిపి, మడతలు చేత్తో దిద్ది, ఆరేదాకా గుండుసూదులతో స్పాంజికి గుచ్చి ఉంచాలి. మోచేతుల దగ్గరా మోకాళ్ల దగ్గరా రంగు కాస్త వెలిసి ఉండాలి. కొత్తబట్టలు వేసుకున్న మనిషి ఆ అరిగిన బల్లకి పరాయివాడిలా ఉంటాడు.

పక్కన పని నేర్చుకునే కుర్రాడిని కూడా పెడతానన్నావు. పెట్టు, కానీ పెద్ద బొమ్మని చిన్నది చేస్తే పిల్లాడు కాడు. పుట్టిన బిడ్డ ఎత్తులో నాలుగో వంతు తలే. పెద్దవాళ్లు ఏడు, ఏడున్నర తలల ఎత్తుంటారు. ఆరేళ్లవాడు ఆరు తలలు. నీ కుర్రాడి వయసుని బట్టి ఆ మధ్యలో ఎక్కడో చూసుకో. వాడు నిలబడి ఉంటాడు కాబట్టి బరువంతా ఒక కాలి మీద వెయ్యి. ఆ వైపు నడుము లేస్తుంది, అదే వైపు భుజం కొంచెం దిగుతుంది. మడమలోంచి తీగ బయటికి వదిలి నేలలో చిన్న కన్నం చేసి దించితే నిలబడతాడు. వాడి చూపు ఆయన చేతుల మీదే ఉండాలి. వాడిని తలుపు చాటున సగమే కనిపించేలా పెడితే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. అన్నీ ముందుకే ఉంటే గదిలో లోతు పోతుంది.

ఒక్క జాగ్రత్త. ఏ బొమ్మనీ గట్టి జిగురుతో అంటించెయ్యకు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ బొమ్మరిల్లు ఉంది, 1686 నుంచి 1710 మధ్య కాలానిది. యాకోబ్ అపెల్ అనే చిత్రకారుడు దాన్ని చూసి వేసిన చిత్రంలో గదుల నిండా మనుషులున్నారు. ఇప్పుడు ఇల్లుంది, సామానుంది, ఆ మనుషులు చాలావరకు లేరు. బొమ్మరింట్లో మైనం ముఖాలూ బట్టలూ తొందరగా పాడవుతాయి. అందుకే బాగుచెయ్యడానికి మళ్లీ తీయగలిగేలా, మ్యూజియం మైనం అనే మెత్తటి అంటుకునే మైనం చిటికెడు పెట్టి నిలబెట్టు. ఎండ తగలనివ్వకు. ఉన్ని వాడితే పురుగు పట్టకుండా అప్పుడప్పుడు తీసి చూస్తుండు.

ముందు తీగ మనిషినొక్కడినే చేసి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, భుజాల వెడల్పు, మెడ చుట్టుకొలత, భుజం నుంచి మోచేతికీ మోచేతి నుంచి మణికట్టుకీ ఎంతో మిల్లీమీటర్లలో కొలిచి నాకు పంపు. చొక్కా నేను కుడతాను. కుర్రాడి కొలతలు కూడా పంపితే వాడికో పొట్టి చేతుల చొక్కా. రంగేదో నువ్వే చెప్పు, దీపం వెలుగు పసుపు కాబట్టి నీలం బాగుంటుందని నాకనిపిస్తోంది.

ప్రేమతో,
అమ్మ