శనివారం 57 షెవీ బిల్డ్, ఇవి చూసుకుని రండి

అందరికీ నమస్తే! ఈ శనివారం ఉదయం 10కి మా గరాజ్‌లో కలుద్దాం. కిట్ 1957 షెవ్రొలే (షెవీ) బెల్ ఎయిర్ ప్లాస్టిక్ మోడల్ కారు, 1/25 స్కేల్ (అసలు కారులో 25వ వంతు సైజు).

బాడీకి ప్రైమర్ కొట్టి, బాగా ఆరాకే తీసుకురండి, ప్రైమర్ లేని ప్లాస్టిక్ మీద లాకర్ పెయింట్ పడితే పైపొర సన్నగా పగుళ్లు బారుతుంది. బంపర్లు, గ్రిల్ అతికే చోట క్రోమ్ పూత గీకేయండి, లేకపోతే గ్లూ ఆ పూతకే అంటుకుని ముక్క ఊడొస్తుంది.

కిట్‌లో ఇంజన్ మార్చేవాళ్లు హుడ్ (బానెట్) మూతపడుతుందో లేదో అతికించకముందే చూసుకోండి.

ఈ కారు అందమంతా వెనక రెక్కల్లోనే ఉంది (అసలు కారులో గ్యాస్ (పెట్రోల్) పోసే చోటి మూత కూడా ఎడమ రెక్క క్రోమ్ పట్టీ వెనకే దాగుంటుంది!), అక్కడ ఫాయిల్ (క్రోమ్‌లా మెరిసే పల్చటి రేకు) అంటించే పని నిదానంగా చేద్దాం. కొత్త బ్లేడు, టూత్‌పిక్‌లు, మాస్క్ మర్చిపోవద్దు.

వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి, టేబుళ్లు సర్దాలి. పిల్లల్ని తీసుకురావచ్చు, స్ప్రే మాత్రం బయటే.