మంగళవారం కాదు, శనివారం రా

సిరీ,

నీ మెసేజ్ చూశాను. మీ ఆఫీసు వాళ్ళంతా మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందేనికి ఇక్కడి ఫ్లెమింగ్టన్ రేస్‌కోర్సుకి వస్తున్నారని, వాళ్ళతో నువ్వూ బ్రిస్బేన్ నుంచి దిగుతున్నావని, "నీ గుర్రాల పిచ్చేంటో ఈసారి చూస్తానమ్మా" అని రాశావు. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో నవ్వుతావు, నేను చెప్పాల్సింది మర్చిపోయి ఇంకేదో మాట్లాడతాను, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మొదటి మాట ఇదే. కుదిరితే మంగళవారం దాకా ఆగకు, దానికి ముందు శనివారమే వచ్చెయ్. డర్బీ డే రోజున.

నవంబర్ మొదటి మంగళవారం కప్. ఆ రోజు ఊరంతటికీ సెలవు. సెలవిచ్చారు కాబట్టి అందరూ వస్తారు, టోపీలు, షాంపేన్, సెల్ఫీలు, సాయంత్రానికి చెప్పులు చేత్తో పట్టుకుని గడ్డి మీద పడి నిద్రపోయే జనం. అందులో సగం మంది ఒక్క గుర్రాన్ని కూడా దగ్గర్నుంచి చూడకుండానే ఇంటికి వెళ్ళిపోతారని నా అనుమానం. డర్బీ డే అలా ఉండదు. మగవాళ్ళు నల్ల సూట్లలో, కోటుకి చిన్న నీలం పువ్వు పెట్టుకుని వస్తారు, ఆడవాళ్ళు నలుపూ తెలుపూ కలిపి కట్టుకుంటారు, అది అక్కడి ఆనవాయితీ. (నీ దగ్గర ఆ నలుపూ తెలుపూ కలంకారీ డ్రెస్ ఉందిగా, అది చాలు, కొత్తది కొనకు.) ముఖ్యంగా రేసులు బాగుంటాయి. పొద్దున్నుంచీ ఒకదాని తర్వాత ఒకటి పెద్ద స్థాయి రేసులే. విక్టోరియా డర్బీ అని మూడేళ్ళ గుర్రాలకి 2500 మీటర్ల రేసు, కూల్‌మోర్ అని 1200 మీటర్ల నిలువు పరుగు. ఆ రెండోది చూస్తే నీకు మతిపోతుంది. వంపు అనేదే ఉండదు, గుర్రాలన్నీ తిన్నగా మన మీదికే వస్తున్నట్టు ఉంటుంది, ఎవరు ముందున్నారో దగ్గరికొచ్చేదాకా తెలీదు, తెలిసే లోపల అయిపోతుంది.

గుర్రప్పందేలంటే మనింట్లో ఉన్న అభిప్రాయం నీకు తెలుసు. మలక్‌పేట రేస్‌కోర్సు ముందు నుంచి బస్సు వెళ్తుంటే మీ అమ్మమ్మ ఆ గోడ వైపు చూడనిచ్చేది కాదు మమ్మల్ని. ఫలానా వాళ్ళ ఇల్లు పోయింది, ఫలానా ఆయన పెళ్ళాం పుస్తెలు పోయాయి, ఇవే కథలు. ఆవిడ చెప్పింది అబద్ధం కూడా కాదు. ఇక్కడ కూడా సీజన్ వచ్చిందంటే టీవీలో, ఫోన్లో, ఎక్కడ చూసినా బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలే. అలాంటి యాప్ ఒక్కటి కూడా నీ ఫోన్లో ఉండకూడదు, ఇది మాత్రం అమ్మగా చెబుతున్నా. ఆఫీసులో స్వీప్ వేస్తారు చూడు, చీటీల్లో గుర్రాల పేర్లు రాసి తలా ఒకటి తీసేది, అది సరదా, దానికి ఐదు డాలర్లు ఇవ్వు. నేనూ అంతే. నేను వెళ్ళేది డబ్బు కోసం కాదంటే మీ నాన్నగారు ఇప్పటికీ నమ్మరు, పర్సు చూసి నమ్మండి అంటాను.

నేను వెళ్ళేది గుర్రాన్ని చూడ్డానికి. రేసులో కాదు, రేసుకి ముందు.

జాకీలు గుర్రమెక్కే చోటు ఒకటుంటుంది, మౌంటింగ్ యార్డ్ అంటారు. రేసుకి ఇరవై నిమిషాల ముందు గుర్రాలని అక్కడ గుండ్రంగా నడిపిస్తారు. పక్కన కళ్ళెం పట్టుకుని నడిచేవాళ్ళని స్ట్రాపర్లంటారు, ఆ గుర్రానికి రోజూ ఒళ్ళు తోమేది, మేత పెట్టేది, దాని పక్కనే బతికేది వాళ్ళే. నువ్వు కంచె దగ్గర నిలబడి ఒక్కో గుర్రాన్ని చూడు. ఒళ్ళు నిగనిగలాడుతోందా, వెనక కాలు ముందు కాలి అడుగు దాటి పడుతోందా, చెవులు ముందుకు నిక్కి ఉన్నాయా వెనక్కి అంటుకుని ఉన్నాయా. తోక అదే పనిగా విసురుతున్నా, వెనక కాళ్ళ మధ్య తెల్లటి నురగలా చెమట పట్టినా టెన్షన్ పడుతోందని అర్థం, రేసులో పెట్టాల్సిన బలాన్ని అక్కడే ఖర్చు చేసేస్తోంది. కొన్నిటికి కళ్ళ పక్కన గంతలు కడతారు, మన జట్కా గుర్రాలకి కట్టేవే, పక్క గుర్రాన్ని చూసి బెదరకుండా. కాసేపు అలా చూశాక నీకే ఒకటి నచ్చుతుంది. అది గెలవకపోవచ్చు. ఫరవాలేదు, రేసంతా నీ కళ్ళు దాని మీదే ఉంటాయి, రేసు చూడ్డం అంటే అదే.

మనవాళ్ళకి అర్థం కానిది బరువుల సంగతి. కప్ హ్యాండిక్యాప్ రేసు, అంటే బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, మామూలు గుర్రానికి తక్కువ బరువు, తగ్గిన చోట జీనులో సీసపు బిళ్ళలు పెట్టి మరీ సరిచేస్తారు. అన్నీ ఒకేసారి గీత దాటితే ఆ బరువులు లెక్కగట్టిన హ్యాండిక్యాపర్ గెలిచినట్టు. నీకు చిన్నప్పుడు మెల్‌బోర్న్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెద్ద ఎర్ర గుర్రాన్ని చూపించాం, గుర్తుందా? అదే ఫార్ ల్యాప్. 1930లో డర్బీ రోజు పొద్దున దాని మీద ఎవరో కాల్పులు జరిపారు, తగల్లేదు, ఆ మధ్యాహ్నమే రేసు గెలిచింది, మంగళవారం 62.5 కిలోలు మోసి కప్ గెలిచింది, ఆ వారం మిగిలిన రెండు రేసు రోజుల్లో కూడా పరిగెత్తి గెలిచింది. మరుసటేడు దాని నెత్తిన 68 కిలోలు పెట్టారు. ఎనిమిదో స్థానం. గెలిచినందుకు శిక్షలా ఉందే అంటావు, నాకూ మొదట్లో అలాగే అనిపించింది, కానీ ఈ లెక్క వల్లే 24 గుర్రాల్లో ఏదైనా గెలవొచ్చన్న ఆశ బతికి ఉంటుంది.

అలా గెలిచిందే ప్రిన్స్ ఆఫ్ పెంజాన్స్, 2015లో. ఒకటి పెడితే వంద వచ్చే ధర, అంటే దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. మిషెల్ పెయిన్ జాకీ. పదిమంది పిల్లల్లో ఆఖరిది, ఆరు నెలల పసిపిల్లగా ఉన్నప్పుడే తల్లి కారు ప్రమాదంలో పోయింది, తండ్రే పెంచాడు. డౌన్ సిండ్రోమ్ ఉన్న వాళ్ళన్నయ్య స్టీవీయే ఆ గుర్రానికి స్ట్రాపర్, ఏ గుర్రం ఏ గేటు నుంచి బయల్దేరాలో చీటీ తీసే బ్యారియర్ డ్రాకి వెళ్ళి ఒకటో నంబరు తీసుకొచ్చింది కూడా అతనే. 1861 నుంచి జరుగుతున్న కప్‌ని ఒక ఆడపిల్ల జాకీగా గెలవడం అదే మొదటిసారి. గెలిచాక మైకు ముందు, ఆడవాళ్ళకి ఈ పనికి సరిపడా బలం లేదనుకునేవాళ్ళకి గట్టిగానే ఇచ్చింది, నేనిక్కడ సోఫాలో కూర్చుని చప్పట్లు కొట్టాను. మళ్ళీ పదేళ్ళకి, 2025లో, జేమీ మెలమ్ హాఫ్ యువర్స్ అనే గుర్రం మీద గెలిచింది. అదే గుర్రం మీద ఆ సీజన్‌లో కాల్‌ఫీల్డ్ కప్ అనే ఇంకో పెద్ద రేసు కూడా. ఇదీ గుర్తుపెట్టుకో: మగా ఆడా ఒకే రేసులో, ఒకే గీత మీద నుంచి బయల్దేరే పెద్ద ఆటలు ఎన్ని ఉన్నాయి?

గుర్రాల్లోనూ నాకు ఆడగుర్రాలంటేనే ఇష్టం. మకైబీ దివా 2003, 2004, 2005, వరసగా మూడు కప్‌లు, మూడుసార్లూ గ్లెన్ బాస్ జాకీ. ట్యూనా చేపల వ్యాపారం చేసే టోనీ సాంటిక్ దాని యజమాని, తన దగ్గర పనిచేసే ఐదుగురు అమ్మాయిల పేర్లలోంచి మొదటి రెండేసి అక్షరాలు తీసి ఆ పేరు పెట్టాడు. తర్వాత వింక్స్. అది కప్‌లో పరిగెత్తనేలేదు, దాని రాజ్యం ఇక్కడి ఇంకో రేస్‌కోర్సు మూనీ వ్యాలీలో జరిగే కాక్స్ ప్లేట్ రేసు, 2015 నుంచి 2018 దాకా నాలుగుసార్లు. మొత్తం వరసగా 33 రేసులు గెలిచి ఆ గెలుపుతోనే రిటైరైంది. మూనీ వ్యాలీ ట్రాక్ చిన్నదిగా ఉండేది, గెలుపు గీత ముందు నిలువు దారి 173 మీటర్లే, వెనకబడితే అందుకునే చోటుండేది కాదు, అక్కడ అది బయటి వైపు నుంచి చుట్టి వచ్చేస్తుంటే జనం అరుపుకి నా చెవులు గింగుర్లెత్తేవి. 2025 కాక్స్ ప్లేట్‌తో ఆ పాత ట్రాక్‌ని మూసేశారు, మొత్తం మార్చి కడుతున్నారు. ఇంటికి దగ్గర్లో ఉన్న పాత సినిమా హాలు కూల్చేసినంత బాధేసింది.

ఇంక నువ్వు ఎప్పుడూ అడిగే ప్రశ్న, గుర్రాలు చచ్చిపోయే ఆటకి ఎందుకు వెళ్తావని. మీ ఫ్రెండ్స్ ఆ రోజు కావాలనే కప్‌కి వెళ్ళరు, నువ్వు వెళ్తున్నానంటే మొహాలు మాడ్చుకున్నారని రాశావు. వాళ్ళు చెప్పేదాంట్లో నేను కాదనగలిగింది తక్కువ. 2014లో జపాన్ నుంచి వచ్చిన అడ్మైర్ రాక్తి ఫేవరెట్, ఆఖర్న వచ్చి, తన కొట్టానికి వెళ్ళి కుప్పకూలి చచ్చిపోయింది. అదే రోజు అరాల్డో అనే గుర్రం జనంలో ఎవరో ఊపిన జెండా చూసి బెదిరి కంచెని తన్ని కాలు విరగ్గొట్టుకుంది, దాన్నీ బతికించలేకపోయారు. రెడ్ కాడో అని ముసలి గుర్రం, మూడుసార్లు రెండో స్థానం, 2011లో అయితే ముక్కు తేడాతో పోయింది, ఊరంతటికీ అదంటే ప్రాణం. 2015లో, మిషెల్ గెలిచిన అదే రేసులో దానికి గాయమైంది, కొన్నాళ్ళకి పోయింది. టీవీ వాళ్ళు మిషెల్ నవ్వు చూపిస్తుంటే నేను స్క్రీన్ మూలల్లో దానికోసం వెతికాను. 2020లో ఆంథొనీ వాన్ డైక్ అనే గుర్రం పోయాక రూల్స్ మార్చారు, విదేశాల నుంచి వచ్చే గుర్రాలకి కాళ్ళు స్కాన్ చేసి, పగుళ్ళ సూచన కనిపిస్తే పరిగెత్తనివ్వడం లేదు. అది మంచిదే, ముందే చెయ్యాల్సింది.

కొరడా సంగతి కూడా చెప్పేస్తా. ఆఖరి 100 మీటర్ల దాకా ఐదు దెబ్బలకి మించకూడదని రూలు, ఆ తర్వాత జాకీ ఇష్టం. నన్నడిగితే పూర్తిగా తీసెయ్యాలి. అందరి చేతుల్లోంచీ తీసేస్తే ఎవరికీ నష్టం లేదు కదా, రేసు రేసే. ఇలా అనుకుంటూ కూడా ఎందుకు వెళ్తున్నావంటే, నా దగ్గర చక్కటి జవాబు లేదు. ఆ గుర్రం మౌంటింగ్ యార్డ్‌లో తల విదిలించి అడుగేస్తే నాకు కలిగే సంతోషం ఒకటుంది, వాటికి జరిగేదాని మీద కోపం ఒకటుంది, రెండూ ఒకే టికెట్టు మీద లోపలికి వస్తున్నాయి. నీకు చూశాక వద్దనిపిస్తే మళ్ళీ రమ్మనను.

నువ్వు మంగళవారం కూడా ఉంటావు కాబట్టి ఒక చిట్కా. కప్ 3200 మీటర్లు, గుర్రాలు ఒకసారి మన ముందు నుంచే దాటి వెళ్తాయి, అప్పుడు గెలుపు గీత కూడా దాటుతాయి. కొత్తవాళ్ళు అయిపోయిందనుకుని గెంతులేస్తారు. నువ్వు గెంతకు, ఇంకా పూర్తి చుట్టు ఉంది. మొత్తం మూడు నిమిషాల ఇరవై సెకన్లు అటూ ఇటూ, మొదటి రెండు నిమిషాలు అసలేం జరుగుతున్నట్టు అనిపించదు, అసలు కథ ఆఖరి 450 మీటర్ల నిలువులో.

ట్రైన్‌లోనే వెళ్దాం, ఫ్లిండర్స్ స్ట్రీట్ నుంచి నేరుగా రేస్‌కోర్సు గేటు దగ్గరే దింపుతుంది, కారు ఆలోచన పెట్టుకోవద్దు. హీల్స్ వద్దు, గడ్డిలో దిగబడిపోతాయి. నీకు పుప్పొడి అంటే పడదు, నవంబర్‌లో ఇక్కడ గడ్డి పుప్పొడి ఘోరంగా ఉంటుంది, ఆ మాత్రలు ముందురోజు నుంచే మొదలుపెట్టు. పొద్దున ఎండ చూసి మోసపోకుండా జాకెట్ తెచ్చుకో. గులాబీలకి కాస్త టైముంచుకో, వేల మొక్కలున్నాయి, ఆ వారానికే పూసేలా పెంచుతారు, మీ అమ్మమ్మకి ఫోటోలు పంపాలి, ఎక్కడివో చెప్పకుండా.

శనివారానికి టికెట్లు తొందరగా అయిపోతాయి, గురువారం లోపల ఔనో కాదో చెప్పు. మీ నాన్నగారు రానంటున్నారు, కాబట్టి రెండే కొంటున్నా.

అమ్మ