మేడమీది సిస్టరమ్మకు, మందుల షాపు అన్నకు, పేరు తెలియని ఆటో అన్నకు

ఇది మూడు వారాల కిందటే రాయాల్సింది. అమ్మ చేతి కుట్లు విప్పి, చెయ్యి మామూలుగా ముడుచుకుంటోందని చూసుకున్నాకే రాద్దామని ఆగాను. కుట్లు విప్పారు, చెయ్యి బాగుంది, నిన్న పొద్దున జొన్నరొట్టె కూడా తట్టింది. అందుకని ఇప్పుడు కూర్చున్నా. పెద్ద పోస్టే అవుతుంది, ఓపికుంటే చదవండి.

మాది కర్నూలు పాతబస్తీ, హంద్రీ నదికి దగ్గర. మే నెలలో ఒక ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. మా ఆవిడ ఆదోనిలో పుట్టింటికి పోయింది, ఇంట్లో నేను, అమ్మ, ఆరేళ్ల మా పాప. ఊరగాయకు తెచ్చిన కాయలు తెల్లారితే మెత్తబడతాయని అమ్మ మామిడికాయల కత్తి ముందేసుకుని కొడుతోంది. మార్కెట్లోనే కొట్టించుకొస్తానమ్మా అని పొద్దున చెప్పాను, "వాళ్లు ముక్కలు కొడతారా, నుజ్జు చేస్తారు" అంది. టెంక మీద కత్తి దిగుతున్న సమయానికి కరెంటు పోయింది. అంతే. ఎడమచేతి అరచెయ్యి, బొటనవేలి కింద కండ దగ్గర, ఇంత పొడవున తెగింది.

అమ్మ అరవలేదు. "ఒరేయ్, కాయల మీద రక్తం పడింది చూడు" అంది. నిజంగా అదే అంది.

నాకు మాత్రం చేతులు వణికాయి. మా ఇంట్లో ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉందని నాకు గట్టి నమ్మకం. ఎప్పుడో దీపావళికి ఎవరో ఇచ్చిన బిస్కెట్ల రేకు డబ్బా, ఫ్రిజ్ మీద ఉంటుంది. ఫోన్ లైటు వేసుకుని మూత తీశాను. అందులో ఏమున్నాయో దాచకుండా చెప్తా. మూత ఎండి అతుక్కుపోయిన బెటాడిన్ ట్యూబు. జిగురంతా పోయి కాగితంలా రాలుతున్న బ్యాండ్ ఎయిడ్‌లు మూడు. 2022లోనే గడువు దాటిన జ్వరం మాత్రల షీటు, అందులోనూ రెండే మాత్రలు. కరోనా నాటి మాస్కులు, నెయిల్ కట్టర్, పాప జడ రబ్బర్లు, ఏ సీసాదో తెలియని ఒక మూత, అడుగున నల్లబడిన దూది ఉండ. ఆ దూదే తీసి గాయం మీద పెట్టాను. రక్తంతో తడిసి, పీచులు పీచులుగా లోపలికంటా అంటుకుపోయింది.

ఈలోగా కేకలు విని జనం వచ్చారు. పక్కింటామె గుప్పెడు పసుపు తెచ్చింది, ఎదురింటి పెద్దాయన కాఫీ పొడి సీసాతోనే వచ్చాడు. వాళ్లను తప్పు పట్టడం లేదు, ఆ చీకట్లో పరిగెత్తుకుని రావడమే గొప్ప. అయినా మన కర్నూలోళ్లకు పసుపంటే అంత నమ్మకం, దసరా రాత్రి కర్రలతో కొట్టుకునే దేవరగట్టు బన్నీ ఉత్సవంలో తలలు పగిలినా పసుపు అద్దుకుని మళ్లీ కర్ర పట్టుకునే జిల్లా మనది.

అప్పుడు దిగింది మేడమీద అద్దెకుండే సిస్టరమ్మ. పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేసి రిటైరయింది. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో తెల్లటి ప్లాస్టిక్ డబ్బా. పసుపు చూసి "అది కూరలో వెయ్యి తల్లీ, రేపు డాక్టరు దాన్ని కడిగి తియ్యలేక చస్తాడు" అంది. ఇక అక్కడ ఆమె మాటే నడిచింది.

అమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టి, గ్లౌజులు వేసుకుని, పైపైన ఊడొచ్చే దూది మాత్రం తీసేసి, గాజ్ గుడ్డ మడతలు పెట్టి గాయం మీద ఉంచి, నా అరచేతిని దాని మీద పెట్టింది. చెయ్యి గుండె కంటే ఎత్తులో పట్టుకో, గట్టిగా నొక్కు, గడియారం చూసి 10 నిమిషాలు, మధ్యలో తీసి చూడద్దు. నేను రెండో నిమిషానికే ఆగిందేమోనని ఎత్తి చూడబోయా. మణికట్టు మీద ఒక్కటేసింది. "అబ్బీ, లోపల గడ్డకడుతున్న రక్తాన్ని నువ్వే పీకేస్తున్నావు." గుడ్డ తడిస్తే తీయలేదు, దాని మీదే ఇంకోటి వేసింది.

నేను నొక్కుతుంటే ఆమె సబ్బు నీళ్లు రాసి అమ్మ ఉంగరం లాగేసింది. అమ్మ ఇరవై ఏళ్లుగా తీయని ఉంగరం, కొంచెం గొణిగింది. "వదినా, ఇంకో గంటకు వేలు వాస్తే అప్పుడు ఉంగరాన్ని కోయాలి, బంగారం పోతే బాధ లేదా?" అంది సిస్టరమ్మ. ఆ మాటకు అమ్మ వెంటనే వేలు చాపింది. తర్వాత బొటనవేలు వంచమంది, వేళ్ల కొసలు గిల్లి తెలుస్తోందా అని అడిగింది. నరాలు తెగలేదని చూసుకోవడానికట.

పది నిమిషాలైనా ఊరుతూనే ఉంది. అప్పుడు ఒక ప్రశ్న అడిగింది, నాకు సిగ్గేసింది. "వదిన రక్తం పల్చబడే మాత్ర ఏమైనా వేసుకుంటుందా?" నాకు తెలీదు. నెలనెలా ఆ మందులు తెచ్చేది నేనే, డబ్బులు కట్టేది నేనే, ఏది దేనికో మాత్రం తెలీదు. అమ్మే చెప్పింది, "ఆ చిన్న గుండె మాత్ర, రాత్రి పూట వేసుకునేది" అని. ఆస్పిరిన్ 75. అందుకే ఆగడం లేదు, మందుల చీటీ కూడా పట్టుకో, కుట్లు పడాల్సిందే అని రోలర్ బ్యాండేజీతో గట్టిగా కట్టు కట్టి పంపింది. పాపను తన దగ్గరే ఉంచుకుంది.

వీధి చివర ఆటో ఒకటే ఉంది. ఆ అన్న అప్పుడే రొట్టె విప్పుకుని తింటున్నాడు. అమ్మ చెయ్యి చూసి, ఏమీ అడక్కుండా రొట్టెను కాగితంలో చుట్టి పక్కన పెట్టి, తన తువ్వాలు సీటు మీద పరిచాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ "అమ్మా, జాగ్రత్త" అని ముందే చెప్పి నిదానంగా దాటించాడు. ఆసుపత్రి గేటు దగ్గర తనే దిగి పరిగెత్తి చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. నేను లోపల చీటీ రాయించి, కాసేపటికి డబ్బులివ్వడానికి బయటికొస్తే ఉన్నాడు, కానీ తీసుకోలేదు. "ఇప్పుడు నువ్వు డబ్బులు లెక్కపెట్టే టైమా అన్నా, పో లోపలికి" అన్నాడు. మళ్లీ వచ్చి చూసేసరికి లేడు. ఆటో వెనక 'అమ్మ దీవెన' అని ఎర్ర అక్షరాలు, ఒక పక్క లైటు పగిలి ఉంది. నాకు తెలిసిందల్లా అంతే.

ఆరు కుట్లు, ఒక టీటీ ఇంజెక్షన్. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కట్టు విప్పుతూ "ఎవరు కట్టారిది, బాగా కట్టారు" అన్నాడు. ఆ మాట సిస్టరమ్మకు చెప్తే, "ఆ పిల్లల్ని చానామందిని చూశాంలే" అంది గానీ, ముఖం వెలిగింది.

తర్వాతి ఆదివారం మేడెక్కి, అక్కా నాకూ ఒక డబ్బా తయారుచేసి పెట్టు అని అడిగా. డబ్బా నేను చెయ్యను, నువ్వే రాసుకో అని పెన్నిచ్చింది. ఆ చీటీ పట్టుకుని మా సందు చివరి మందుల షాపుకు పోయా. ఆ అన్నకు రెండో దండం. ఎందుకంటే కొనడానికి డబ్బులతో వచ్చినవాడికి వద్దని చెప్పే దుకాణదారు ఈ కాలంలో ఎవరున్నారు? దగ్గు, జలుబు, విరేచనాలు అన్నిటికీ ఒక్కో యాంటీబయోటిక్ షీటు ఇచ్చెయ్ అన్నా అంటే, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనన్నాడు. గాయం కడగడానికి స్పిరిట్ పెద్ద సీసా అడిగితే, కుళాయి నీళ్లు చాలు, మండించుకోవడం ఎందుకన్నాడు. ఓఆర్‌ఎస్ అని నేను రంగు రంగుల డబ్బా జ్యూస్ చూపిస్తే నవ్వి పొడి ప్యాకెట్లు తీశాడు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ వాళ్లు అలాంటి తీపి నీళ్ల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరే వాడద్దన్నారు కదా, ఆ సంగతి ఆయనే గుర్తుచేశాడు. లీటరుకని రాసి ఉన్న ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. నేను ఇన్నేళ్లూ గ్లాసు నీళ్లకు సగం ప్యాకెట్టు కొట్టి తాగించేవాణ్ణి. ఉప్పగా ఉందని పాప ఎందుకు ఉమ్మేసేదో ఇప్పుడర్థమైంది.

మొత్తం 780 రూపాయలయింది. అందులో ఎక్కువ భాగం మందులు కావు, గుడ్డలే: విడివిడి కవర్లలో గాజ్ గుడ్డలు, నాలుగంగుళాలవీ ఆరంగుళాలవీ రోలర్ బ్యాండేజీలు, బెణుకులకు క్రేప్ బ్యాండేజీ, మైక్రోపోర్ టేపు, గ్లౌజులు, మొద్దు మొన ఉన్న కత్తెర, ముల్లు తీసే పట్టకారు, థర్మామీటరు, చిన్న బెటాడిన్ ట్యూబు. దూది లేదు. మాత్రల్లో పారాసెటమాల్ ఒక్కటే. పాప సిరప్ గురించి మాత్రం షాపు అన్న గట్టిగా చెప్పాడు, పిల్లలకు డోసు వయసును బట్టి కాదు బరువును బట్టి, సీసాల్లో కూడా 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి ఉంటాయి, చూడకుండా చెంచాతో పొయ్యద్దు అని. డాక్టరు రాసిన డోసు సీసా మీదే అంటించుకోమన్నాడు.

సిస్టరమ్మ డబ్బా మూత లోపల అంటించమన్న కాగితం నాకు అన్నిటికంటే నచ్చింది. అమ్మ వేసుకునే మాత్రలు, ఏది దేనికి, ఏ పూట. అమ్మకు పడని మందు. పాప బరువు 19 కిలోలు. అందరి బ్లడ్ గ్రూపులు. 108. పాపకు కూడా కనిపించేలా ఆ అంకెలు పెద్దవిగా రాయించింది.

డబ్బా ఎలాంటిదో కూడా ఆమే చెప్పింది, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్‌దే కావాలని. దాని వెనక కథ ఉంది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డ రోజు ఆమె ఇల్లు కూడా మునిగింది. రెండు రాత్రులు మిద్దె మీదే. పక్కింటి పిల్లోడి కాలికి రేకు కోసుకుంటే, ఆమె అట్టపెట్టెలో దాచుకున్న బ్యాండేజీలన్నీ బురద ముద్దలై ఉన్నాయట. చీర కొంగు చింపి కట్టిందట. "నర్సునయ్యుండి చీర చింపినా చూడు" అని ఇప్పటికీ అంటుంది, పోయిన సామాను గురించి మాత్రం ఒక్క మాటనదు.

మాకు కోడుమూరు దగ్గర కొంచెం చేను ఉంది, అందుకని పాము కాటు కిట్టు అని ఆన్‌లైన్లో చూసింది కూడా ఆమెకు చూపించా, రబ్బరు పట్టీ, పీల్చే పంపు. ఫోను తిరిగి నా చేతిలో పెట్టి, "పాముకు డబ్బాలో మందు లేదు నాయనా. కట్టద్దు, కోయద్దు, పీల్చద్దు. మనిషిని నడిపించద్దు, కాలు కదలకుండా పెట్టి 108కి ఫోను చెయ్, విరుగుడు సూది ఉండేది ఆసుపత్రిలోనే" అంది. డబ్బులు మిగిలాయి.

పోయిన వారం నాకే పరీక్ష వచ్చింది. ఉగ్గానిలోకి బజ్జీలు వేస్తుంటే నూనె చిట్లి మణికట్టు మీద పడింది. చెయ్యి అలవాటుగా టూత్‌పేస్ట్ వైపే పోయింది, ఒట్టు. మళ్లీ గుర్తొచ్చి, 20 నిమిషాలు నీళ్ల కింద పెట్టాలన్నారు కదా అని కుళాయి తిప్పితే, మధ్యాహ్నం ఒంటిగంటకు మేడ మీది ట్యాంకు నీళ్లు టీ పెట్టుకునేంత వేడిగా వచ్చాయి. మన ఊరి ఎండకు ఈ సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు. "వంటింట్లో ఒక బిందె నీడలో నింపి పెట్టుకో, ఐసు పెట్టద్దు" అని సిస్టరమ్మ ఎందుకు చెప్పిందో అప్పుడు తెలిసింది. బిందె నీళ్లు చెంబుతో పోసుకుంటూ 20 నిమిషాలు నిలబడ్డా. బొబ్బ కూడా రాలేదు.

ఇప్పుడు డబ్బా ఫ్రిజ్ మీద లేదు, ఆ వేడికే పాత ట్యూబు ఎండిందట. లోపలి గదిలో చెక్క బీరువా పైఅరలో ఉంది, పాపకు అందదు, తాళం లేదు. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి తీసి తేదీలు చూడమంది సిస్టరమ్మ. రేకు డబ్బా పాప బొమ్మలకు పోయింది.

అమ్మ ఒక చేత్తోనే పక్కన కూర్చుని అందరితో ఊరగాయ కలిపించింది. సిస్టరమ్మ జాడీ మేడెక్కింది, షాపు అన్న జాడీ నేనే ఇచ్చొచ్చా. మూడో జాడీకి గుడ్డ కట్టి గూట్లో పెట్టింది. రోజూ సాయంత్రం స్టాండు దగ్గర చూస్తున్నా, కనబడలేదు. 'అమ్మ దీవెన' అని ఎర్ర అక్షరాలు, వెనక ఒక పక్క లైటు పగిలిన ఆటో ఎవరికైనా తగిలితే ఆ అన్నకు ఒక మాట చెప్పండి. ఆయన తువ్వాలు కూడా మా దగ్గరే ఉండిపోయింది, ఉతికి పెట్టాం.