గడియారానికి కీ కావాలి

ఒరేయ్ మామా,

ఎట్లా ఉన్నావు? ఫోన్ చేయొచ్చు గానీ, చేస్తే నువ్వు "మీటింగ్‌లో ఉన్నా, మళ్లీ చేస్తా" అంటావు, ఆ మళ్లీ ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నీతో ఒక పనుంది, కానీ చివర్లో చెప్తా, ముందే చెప్తే మిగతాది చదవవు.

మా తాత గడియారం గుర్తుందా? కర్నూలు పాతబస్తీ ఇంట్లో, నడింటి గోడకు వేలాడేది, నల్లటి చెక్క పెట్టె, కింద ఇత్తడి లోలకం. నువ్వు మా ఇంట్లో పడుకున్న రాత్రి "ఇది నిద్ర పోనిచ్చేట్టు లేదురా" అని దాని సుత్తికి నీ కర్చీఫ్ చుట్టేశావు చూడు, అదే. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊర్లోకి వచ్చినప్పుడు అది నిండా మునిగింది. నీళ్లు పోయాక కూడా కొన్నేళ్లు అట్లాగే గోడకు ఉండేది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ అమ్మ "నీళ్లొచ్చిన టైముకే ఆగిపోయింది చూడండి, మూడుంబావు" అని చూపించేది, వాళ్లు అయ్యో అనేవాళ్లు. నిజం చెప్పనా? అది వరదకు మూడు వారాల ముందే ఆగిపోయింది. తాత పోయాక ఆదివారం ఆదివారం కీ ఇచ్చే పని నాకు అప్పజెప్పారు, నేను మర్చిపోయా. అంతే కథ. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నువ్వూ అమ్మ దగ్గర నోరు జారొద్దు.

మొన్న అటక సర్దుతుంటే దుప్పట్లో చుట్టి కనిపించింది. ఒక షాపుకు తీసుకెళ్లా. ఆయన తిప్పి తిప్పి చూసి, "లోపలిదంతా తీసేసి సెల్లు మిషన్ పెడతా, మూడొందలివ్వండి, ఇంకెప్పుడూ రిపేరుండదు" అన్నాడు. తప్పు మాటేం కాదులే. ఆ సెల్లు మిషన్‌లో ఉండేది ఒక చిన్న క్వార్ట్జ్ ముక్క, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ లెక్కను సగం, సగంలో సగం అని 15 సార్లు తగ్గిస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది, ఆ ఒకటికి ముల్లు ఒక అడుగు వేస్తుంది. 1969లో జపాన్ వాళ్లు ఇట్లాంటి చేతి వాచీ మొదట అమ్మినప్పుడు దాని ఖరీదు కారు ఖరీదంత ఉండేదట, ఇప్పుడేమో గుజరాత్‌లోని మోర్బి నుంచి వచ్చే గోడ గడియారాలు ప్రతి గృహప్రవేశానికి మూడు నాలుగు వచ్చి పడుతున్నాయి. నా ఇంటికి ఐదొచ్చాయి, అందులో ఒకటి నువ్విచ్చిందే, ఏనుగు బొమ్మది, ఏమీ అనుకోకు, అది ఇంకా డబ్బాలోనే ఉంది.

ఆ షాపాయనకు సరేనందామనుకుని కూడా నా మనసు ఒప్పలేదు. పెద్దమార్కెట్ వైపు సందులో ఒక ముసలి భాయ్ ఉన్నాడని తెలిసి వెళ్లా. ఆయన వెనక మూత తీయగానే పళ్ల చక్రాల మధ్య వరద మట్టి అట్లాగే ఎండిపోయి ఉంది, మన నది మట్టి, పదిహేనేళ్లది. చక్రాలన్నీ ఊడదీసి పెట్రోల్లో నానబెట్టి, ఇరుసు దూరే ప్రతి బెజ్జాన్నీ పుల్లతో తిప్పి తిప్పి తుడిచాడు. నెల పట్టింది. తీరా గోడకు తగిలించేటప్పుడు నేను మట్టం చూడ్డానికి ఫోన్ తీస్తే, ఉండు సాబ్ అని చేయి అడ్డం పెట్టి కళ్లు మూసుకున్నాడు. టక్ అన్నాక టక్ మనడానికి మధ్య సందు రెండువైపులా సమంగా ఉండాలట, ఒక పక్క కుంటితే పూటలో ఆగిపోతుందట. చెవితోనే విని, పెట్టెను గోరంత ఎడమకు జరిపి, వెనక అగ్గిపెట్టె అట్ట మడిచి దోపాడు. నాకైతే రెండూ ఒకేలా వినిపించాయి.

ఈ లోలకం కథ 1656 నాటిది, హాలండ్‌లో హైగెన్స్ అనే ఆయన మొదట కట్టాడు. అంతకుముందు గడియారాలు రోజుకు పావుగంట అటూ ఇటూ పోయేవట, ఈయన దెబ్బకు తేడా సెకన్లలోకి వచ్చింది. మాది అంత పాతదేం కాదు, జపాన్ సైకోషా. కానీ మన ఎండలు హైగెన్స్‌కేం తెలుసు? వేడికి లోలకం కడ్డీ సాగుతుంది, సాగితే ఊపు నిదానిస్తుంది. ఉక్కు కడ్డీ అయితే డిగ్రీకి రోజుకు అర సెకను చొప్పున వెనకబడుతుంది, జనవరికీ మే నెలకూ ఇంట్లో 15 డిగ్రీలు తేడా అనుకో, వారానికి దాదాపు నిమిషం. తాత ఉగాది దాటగానే లోలకం కింద మరను కొంచెం పైకి తిప్పి, వానలు పడ్డాక మళ్లీ కిందికి తిప్పేవాడు. ఎందుకని అడిగితే "దానికీ ఉడుకు" అనేవాడు, నేను జోక్ అనుకున్నా.

అసలు చెప్పాలనుకున్నది అవ్వ సంగతి. అవ్వకు ముల్లు చూడ్డం రాదు, అవసరమూ లేదు. మబ్బులో లేవడం, పైటాల అన్నం, మాపటేల దీపం, అన్నీ నీడను బట్టే. వరండాలో స్తంభం నీడ వచ్చి బేతంచెర్ల బండల సందులో సరిగ్గా పడితే ఆమెకు మిట్టమధ్యాహ్నం. తాతేమో కడప రేడియో టైముకు ముల్లు కలిపే మనిషి. రోజూ ఇదే గొడవ. గడియారం పన్నెండు కొట్టగానే ఆయన కంచం ముందు కూర్చుంటే, "నీ గడియారం పరిగెత్తుతోంది, ఇంకా పొద్దు నెత్తికి రాలేదు" అని ఆమె వంటింట్లోంచి కదిలేది కాదు. చదువుకున్న నాయన, మేమూ అందరం తాత వైపే.

మొన్న లెక్క వేశా మామా. మన దేశమంతటి టైము 1906 నుంచి 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తోంది, ఆ గీత కాకినాడ పక్కగా పోతుంది. కర్నూలు 78 డిగ్రీల మీదుంది. డిగ్రీకి 4 నిమిషాలు, అంటే పొద్దు కాకినాడ నెత్తిన ఉన్నాక మన నెత్తికి రావడానికి ఇంకో 18 నిమిషాలు కావాలి. మీ అనంతపురానికి ఇంకొంచెం ఎక్కువే. అవ్వ ఎప్పుడూ పావుగంట ఆలస్యంగానే వడ్డించేది! ఆమెది కర్నూలు టైము, తాతది కాకినాడ టైము. 1906కు ముందు మద్రాసు టైము ఉన్నప్పుడైతే ఈ తేడా 9 నిమిషాలే. యుద్ధంలో 1942 నుంచి 1945 దాకా గడియారాలన్నీ ఇంకో గంట ముందుకు తిప్పారు కదా, అప్పుడు అవ్వ కాపురానికి వచ్చుంటే తాత రోజూ ఒకటింబావు దాకా పస్తే.

ఇంకోటి. క్యాలెండర్‌లో సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని వేస్తారే, అది పొద్దు సరిగ్గా ఆరింటికి పొడుస్తుందని వేసిన లెక్క. జనవరిలో మనకు పొద్దు పొడిచేదే ఆరూముప్పావుకు. రాహువు కూడా అవ్వ లెక్కలోనే వస్తాడు గానీ తాత లెక్కలో రాడు. ఈ మాట అమ్మతో అంటే, నువ్వు నోరుమూసుకో అంది. గడియ అంటేనే 24 నిమిషాలు, అడుగున చిల్లున్న రాగి గిన్నె నీళ్లలో మునిగేంతసేపు, రోజుకు అరవై మునకలు, అందులోంచే గడియారం అనే మాట పుట్టిందని చెప్పా. అవునా, మరి పాలు తెచ్చావా అంది.

మీ ఊరి టవర్ క్లాక్ దగ్గర నువ్వు చెప్పింది కూడా గుర్తొచ్చింది. 15 అడుగుల వెడల్పు, ఎనిమిది మూలలు, 47 అడుగుల ఎత్తు, స్వాతంత్ర్యం వచ్చిన తేదీ అని. మనం దాని కింద టీ తాగుతూ బస్సు పోగొట్టుకున్నాం.

సరే, గడియారం ఇప్పుడు నడుస్తోంది. గంటకు అన్ని గంటలు, అరగంటకు ఒకటి. రాత్రి మెలకువ వచ్చి ఒక్క గంట వినిపిస్తే పన్నెండున్నరో, ఒంటిగంటో, ఒకటిన్నరో తెలీదు, మూడింటికీ ఒకటే కదా. మా ఆవిడ రెండు రోజులు ఓర్చుకుని మూడోరోజు నీ కర్చీఫ్ ఉపాయమే చేసింది.

ఇక పని. కీ వరదలో పోయింది. భాయ్ తన కీతో శనివారం నిండా తిప్పి ఇచ్చాడు, ఎనిమిది రోజులు నడుస్తుంది, ఇవాళ బుధవారం. ఆయనేమో కూతురి ఊరికి వెళ్లాడు, పండగ అయ్యాక గానీ రాడట. మీ నాయనకు కూడా ఇట్లాంటి గడియారమే ఉండేది కదా, ఇత్తడి కీ, సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుంది, మొన నలుచదరం బెజ్జం. బీరువాలోనో, పాత బిస్కెట్ డబ్బాలో సూదులూ గుండీల మధ్యనో వెతుకు. దొరికితే ముందు బెజ్జం ఫోటో పంపు, పక్కన స్కేలు పెట్టి తియ్యి, కొలత సరిపోతే శుక్రవారం రాత్రి బస్సులో నేనే వస్తా. రెండు బెజ్జాల్లో కుడిదానికి టైము, ఎడమదానికి గంటలు. మా ఆవిడ కుడిదొక్కటే తిప్పమంటోంది, ముందు కీ రానీ, అప్పుడు మాట్లాడుకుందాం.